దొరగారి పుట్టుపూర్వోత్తరాలు

నా బతుకుదెరువు పెళ్ళి సంబంధాలు చూడటం. ఏడో తరగతి తప్పి బడి మానేసినవాడికి ఇంతకన్నా మర్యాదైన పని దొరకదు. తెల్లచొక్కా, చంకలో సంచి, సంచి నిండా ఫొటోలు, బయోడేటాలు. తల్లాడ నుంచి భద్రాచలం దాకా ఏ ఊళ్ళో బస్సు దిగినా నాకు టీ పోసేవాళ్ళున్నారు, నన్ను చూసి తలుపేసుకునేవాళ్ళూ ఉన్నారు. రెండు రకాలవాళ్ళూ నేను కుదిర్చిన పెళ్ళిళ్ళవాళ్ళే.

ఈ పనిలో కిటుకంతా ఎంక్వైరీలో ఉంటుంది. పిల్లవాడి గుణం పిల్లవాడి ఇంట్లో అడిగితే దేవుడే పుట్టాడని చెబుతారు. అందుకని నేను కటింగ్ షాపులో అడుగుతాను, కిరాణా కొట్టులో అడుగుతాను. చూపులకు ముందురోజు ఒంటరిగా పోయి, దాహమేసిందని చెప్పి ఆ ఇంటి పెరట్లోంచి వెళ్తాను. ముందుగది చుట్టాల కోసం సర్దుతారు. పెరడు ఎవరూ సర్దరు.

బయోడేటా చదవడం కూడా ఒక విద్యే. ‘సొంత వ్యాపారం’ అని రాస్తే ఉద్యోగం లేదని అర్థం. ‘మితభాషి’ అంటే వాళ్ళమ్మ మాట్లాడనివ్వదని. ‘ఆధ్యాత్మిక చింతన’ అంటే ఇదివరకు రెండు సంబంధాలు తప్పిపోయాయని. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలకు అంతులేదు. ఒక్కటి మాత్రం చేయలేదు. ఒక పిల్లను చూపించి ఇంకో పిల్ల మెడలో తాళి కట్టించలేదు. మా పనివాళ్ళలో అది చేసినవాడిని పక్కన కూర్చోబెట్టుకోరు.

రెండేళ్ళ కింద ఎండాకాలంలో మా అక్క కూతురు ఫోన్ చేసింది. భద్రాచలంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. మామను ఎగతాళి చేయడం ఆమెకు జీతం లేని రెండో ఉద్యోగం.

“మామా, ఒక ఎంక్వైరీ ఉన్నది. చేస్తవా?”

“పిలగాడు ఏం జేస్తడు?”

“ఆఫ్రికాల నదులు, చెరువులు కనిపెట్టిండు.”

“ఇప్పుడేడ ఉంటున్నడు?”

“సచ్చిపోయి నూరేండ్లు దాటింది.”

“ఇంకా నయం. తాగుడు గీగుడు ఉండదు.”

సంగతి ఇది. విక్టోరియా రాణి కాలంలో ఒక దొర ఆఫ్రికా ఖండమంతా తిరిగి ఒక పెద్ద సరస్సు కనిపెట్టాడు. కనిపెట్టేనాటికి ఆ సరస్సు చుట్టూ జనం ఊళ్ళు కట్టుకుని, చేపలు పట్టుకుని, కూరొండుకుని తింటున్నారట. పాపం వాళ్ళకు తాము సరస్సు పక్కన ఉంటున్నామని తెలియదు కాబోలు, దొర వచ్చి చెప్పాల్సి వచ్చింది. అంతటి దొర పుట్టింది ఎక్కడో కాదు, దుమ్ముగూడెం దగ్గర. గోదారి మీద పడవలు నడపాలని తెల్లవాళ్ళు ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిన రోజుల్లో వాళ్ళ నాన్న అక్కడ పనిచేశాడు. పిల్లవాణ్ణి ఏడో ఏట ఓడెక్కించి ఇంగ్లండు పంపించేశారు.

ఆ దొర తమ్ముడికి మునిమనవరాలు ఒకావిడ ఇక్కడికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన టీచరు. ఆయన కుటుంబం గురించి, చిన్ననాటి గురించి పుస్తకం రాస్తోంది. ఆఫ్రికా సంగతులు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారట, మొదటి అధ్యాయం ఒక్కటే ఎవరూ రాయలేదట. ఆయన పుట్టిన ఇల్లు ఏదో తెలుసుకోవాలని ఆమె కోరిక. మా మేనకోడలు, తన మామకు మించిన ఆరా తీసేవాడు లేడని నన్ను అంటగట్టింది. కుటుంబాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడంలో నాకు డిగ్రీ లేకపోయినా సర్వీసు ఉంది.

మొదటిరోజు కోడలి ఇంట్లో ఆ మేడమ్ ఎదురుగా కూర్చుని, దొర గురించి అచ్చేసిన ఒక పేజీ ఆమె చదువుతుంటే నేను బయోడేటా విన్నట్టే విన్నాను.

“తండ్రి ఇంజనీరింగ్ శాఖల బాధ్యత గల స్థానంల పనిచేసిండట.”

“హోదా రాయలేదంటే హోదా లేదన్నట్టే.”

“ఆరోగ్యం బాగలేక ముందుగాల్నే విరమించుకున్నడట.”

“తాగి వస్తుంటె తీసేసిన్రు.”

“తల్లి సంగీతమంటే ప్రాణం పెట్టేదట.”

“వంట రాదు.”

“పసితనం నుంచే అడవిల దారులు ఎతుక్కుంట తిరిగేటోడట.”

“తప్పిపోయేటోడు.”

కోడలు ఏ మాటా మింగకుండా అన్నీ ఇంగ్లీషులో చెప్పేసింది. నేను సంచి సర్దుకుని లేవబోయాను. మేడమ్ మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. తమ ఇంట్లో మూడు తరాల నుంచి అందరికీ ఇదే అనుమానమని, పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయిందని చెప్పింది. అప్పుడు తన సంచిలోంచి ఒక కాగితం తీసింది. దొర ఐదేళ్ళప్పుడు గీసిన మొట్టమొదటి మ్యాపుకు నకలు. ఒక ఇల్లు, ఇంటి మెట్లు కాలువవైపు, వెనక ఒక పెద్ద గుండ్రం. ఆ గుండ్రం సూర్యుడని ఒక పండితుడు, పిల్లవాడి ఒంటరితనమని ఇంకో పండితుడు రాశారట.

“సున్నం గానుగ,” అన్నాను. రాతి గాడిలో ఎద్దుతో చక్రం తిప్పించి సున్నం నూరేవాళ్ళు. కట్టుబడి జరిగిన ప్రతిచోటా ఉండేది. మేడమ్ నన్ను చూసిన చూపుకు, ఏడో తరగతి పాసై ఉంటే నేను కూడా ఒంటరితనం అనే అనేవాణ్ణని తోచింది.

మూడోరోజుకల్లా వార్త పాకింది. కాంట్రాక్టులు, రాజకీయం రెండూ చేసే ఒక సారు మమ్మల్ని పిలిపించుకున్నాడు.

“దొర పుట్టిన జాగ జల్దీ ఎతుకు అన్నా. మనకు పేరొస్తది. పార్కు పెడ్తం, గెస్ట్‌హౌస్ కడ్తం, బస్సులు నిలవడానికి జాగ చేస్తం.”

“ఆడ ఎవరన్న ఉంటున్నరనుకో సారూ?”

“ఖాళీ చేపిస్తం. కాలువ పక్కదంత సర్కారు జాగేగద.”

“ఇంతకీ దొర ఏం జేసిండో తెలుసా సారూ?”

“ఏదో ఒకటి జేసిండు గద. ఫ్లెక్సీ కొట్టిచ్చే లోపల తెలుస్తది.”

నేను ఎంక్వైరీ మొదలుపెట్టాను. పార్కు అనే మాట చెవినపడ్డ తర్వాత దొర చాలా ఇళ్ళలో పుట్టాడు. ఒకాయన తన పశువుల కొట్టంలో పుట్టాడన్నాడు. ఇంకొకాయన దొర కూర్చున్న కుర్చీ ఉందని తీసుకుపోయి చూపించాడు. కుర్చీ కింద ప్లాస్టిక్ కంపెనీ స్టిక్కర్ ఇంకా ఊడలేదు. ఒక ముసలాయన అయితే దొరతో గోళీలాడానన్నాడు. కటింగ్ షాపులో పెద్దాయన మాత్రం గడ్డం గీస్తూ, ఏ ఆశా లేకుండా, నిజం చెప్పాడు. సున్నం గానుగ రాయి ఈ చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది, లాకు దగ్గర లస్కరు ఇంటి వెనక ఉంది అన్నాడు. లస్కరంటే కాలువ తూములు, తలుపులు చూసుకునే పనివాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య ఉంది.

అలవాటు ప్రకారం ఒంటరిగా, పెరట్లోంచి వెళ్ళాను. గానుగ గాడి సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. మిగతా సగానికి మేకను కట్టేశారు. ఆ మేకను కోయభాషలో తిడుతూ ఒక ముసలమ్మ అడ్డాకులు పేర్చి పుల్లలతో విస్తర్లు కుడుతోంది.

“అవ్వా, దూపైతుంది. జెర మంచినీళ్ళియ్యి.”

“బోరింగు ముందట ఉన్నది. దాన్ని దాటి పెరట్లకొచ్చినవంటె నీది దూప కాదు. ఏం పనయ్యా నీది?”

“సంబంధాలు జూస్త.”

“నాకా?”

“నువ్వు అవ్ అంటె రేపే చూస్త.”

“పిలగానికి పండ్లున్నయా?”

“కింది వరస ఉన్నయ్.”

“పైవరస వచ్చినంక చెప్పు,” అని చెంబుతో నీళ్ళిచ్చింది.

ఇల్లంతా తిప్పి చూపించింది. రెండే గదులు. మూరెడు మందం గోడలు. మెట్లు కాలువవైపు. ఆమె, కూతురు, అల్లుడు, ఇద్దరు మనవరాళ్ళు ఉంటున్నారు. మిగతావాళ్ళు ఆకు కోసం అడవికి పోయారు. లోపలి గది టేకు దర్వాజాకు అడ్డంగా కత్తితో గాట్లున్నాయి, పక్కపక్కనే వరసలుగా, కింద నుంచి పైకి.

“ఇవేంది అవ్వా?”

“పిల్లల ఎత్తు. ఈ కొసయి మనవరాండ్లయి. నడుమ నా బిడ్డయి, మా ఆయనయి, వాళ్ళ నాయినయి. ఆ కొసకు అరిగిపోయినయి తెల్లపోరనియి అంటరు.”

నేను నీళ్ళు తాగడం ఆపాను. ఆమె ఆపకుండా చెప్పింది. వాళ్ళత్త ఆమెకు చెప్పింది, ఆ అత్తకు వాళ్ళత్త చెప్పింది. తెల్లవాళ్ళు ఈ ఇంట్లో ఉన్నప్పుడు లస్కరు వంశంలో ఒక ముసలామె ఆ పిల్లవాణ్ణి సాకింది, వాళ్ళు పోయాక ఇల్లు లస్కరుకు క్వార్టరయింది.

“వాళ్ళ నాయిన ఇంజనీరంట గదా అవ్వా?”

“ఇంజనీరా? స్టోరుల పారలు, గడ్డపారలు ఎంచి ఇచ్చేటోడు. పొద్దుగాల ఇచ్చినయి పొద్దుమీకి మరిచిపోయేటోడు. కల్లు ముంత మాత్రం ఎన్నడు మరువలే. తల్లేమో జరమొచ్చి మంచం దిగేది కాదు. పోరడు మా ముసల్దాని ఎంబడే.”

“అడవిలకు పొయ్యేటోడా?”

“వాడు పొయ్యేడిదేంది, పోతె రాకపోయేది. కాలువ కాడికి పోయిరమ్మంటె అడివిల తేలేటోడట. రోజూ ఎతుక్కొచ్చుడే పనైంది. ఇగ యాష్టకొచ్చి వాని మెడకు మేకగంట కట్టిందట. గంట ఏడ మోగితె ఆడికి పొయ్యి చెయ్యి పట్టుకొచ్చేది.”

ఖండాలు దాటిన ఆ మహానుభావుడికి వాళ్ళ దేశంలో విగ్రహం ఉందని కోడలు చెప్పింది. చేతిలో దూరదర్శిని ఉందట. గంట సంగతి శిల్పికి ఎవరూ చెప్పినట్టు లేరు.

“ఇంతకీ ఎందుకడుగుతున్నవ్?” అంది. ఎందుకో ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మేడమ్ సంగతి, సారు సంగతి, పార్కు సంగతి చెప్పాను. కుట్టే విస్తరి ఒళ్ళో పెట్టుకుంది.

“టేపు పట్టి కొలుస్తరా?”

“పట్టొచ్చు.”

“ఇది క్వార్టర్. మా ఆయన పోయిన్నాడే ఖాళీ చెయ్యమని కాయితమొచ్చింది. ఇచ్చిన సారు బదిలైపోయిండు. తరవాతొచ్చినాయన చూస్త అన్నడు, ఆయనా పోయిండు. పట్టా లేదు, ఏం లేదు. వాళ్ళు నన్ను మరిచిపోయిన్రు గాబట్టి ఉంటున్న కొడకా. గుర్తు చెయ్యకు.”

అంతే అడిగింది. ఏడవలేదు, దండం పెట్టలేదు. మళ్ళీ విస్తరి తీసుకుంది.

మర్నాడు అందరినీ వెంటబెట్టుకుని నేను వేరేచోటికి తీసుకుపోయాను. లాకుకు కాస్త దూరంలో కప్పు కూలిపోయిన పాత స్టోరు గోడలున్నాయి. తొండలు తప్ప ఎవరూ కాపురం లేరు. మేడమ్ మ్యాపు విప్పి, మెట్లు ఎటున్నాయని అడిగింది. కూలిపోయాయన్నాను. గానుగ ఏదని అడిగింది. గోదారి వరదల్లో పోయిందన్నాను. మా దగ్గర ఏది కనబడకపోయినా గోదారి మీద పెట్టేయవచ్చు, ఎదురు చెప్పదు. మేడమ్ ఆ మొండిగోడ మీద చెయ్యి పెట్టి, అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. సారు మనుషులు అప్పటికే టేపు విప్పి బస్సుల జాగ కొలుస్తున్నారు.

ఆ మధ్యాహ్నం కోడలి ఇంట్లో అన్నం కంచం పక్కకు జరిపేశాను. పిల్లను మార్చి చూపించాను. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంక ఇంత దూరం మళ్ళీ రాలేనని మొదటిరోజే చెప్పింది, ఎవరి గోడనో పట్టుకుని ఏడ్చింది. కోడలికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“ఇన్ని పెండ్లిళ్ళు జేసినవు. మోసం ఇదే మొదటిదా మామా?”

“పిల్ల ముచ్చట్ల ఇదే మొదలు.”

“మరి తీస్కపోదాం. మేడమ్ నోట్లకెళ్ళి మాట బయటికి రాదు.”

“వస్తె?”

“వస్తె ఆ అవ్వ రోడ్డున పడ్తది. అందుకే ముందుగాల ఆమెను అడుగు. ఇల్లు ఆమెది, నీది కాదు, నాది కాదు.”

వెళ్ళి, జరిగింది చెప్పి అడిగాను. ముసలమ్మ మేకకు ఇంత మేత వేసింది.

“ఆ తెల్లామె ఏడ్చిందా?”

“ఏడ్చింది అవ్వా.”

“ఉత్త గోడ పట్టుకోని?”

“అవ్.”

“నువ్వు మంచోనివి కాదు,” అంది. మేక తాడు సర్ది, “ఆమెను తోలుకరా. టేపు పట్టినోడు రావొద్దు,” అంది.

తెల్లారి ముగ్గురం వెళ్ళాం. దారిలో మేడమ్‌కు ఏమీ చెప్పలేదు, టీకి పిలిచారని మాత్రం అన్నాం. కాలువవైపున్న మెట్ల దగ్గర ఒకసారి ఆగింది. పెరట్లో మేక కట్టేసిన రాయిని చూసి రెండోసారి ఆగింది. లోపలి దర్వాజా దగ్గరికి వచ్చాక మేం చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అన్నిటికన్నా అరిగిపోయిన వరసలో కింది గాటు మీద వేలు పెట్టింది. నిన్న మొండిగోడ దగ్గర ఏడ్చిన మనిషి ఇక్కడ ఏడవలేదు. నావైపు తిరిగి చూసింది. బడిలో నేను చేసిన వెధవపనులకు మా టీచరు చూసిన చూపే అది. బడి ఎందుకు మానేశానో గుర్తొచ్చింది.

ముసలమ్మ టీ పెట్టింది. గంట కథ మళ్ళీ చెప్పింది, కోడలు ఇంగ్లీషులో చెప్పింది. మేడమ్ మొదట నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పిందేమిటంటే, దొర ఆఫ్రికాలో రాసిన డైరీలన్నీ ఆమె చదివింది, తాను ముందు నడిచానని ఎక్కడా లేదు. ప్రతిరోజూ ఆ ఊరి మనుషులే ముందు నడిచారు. వాళ్ళ పేర్లు ఒక్కచోటా రాయలేదు.

“మా ముసల్దాని పేరు కూడ మాకు తెల్వదు,” అంది అవ్వ. “అత్తకు అత్త అనే అన్నరు.”

అప్పుడు నేను ఇంటి సంగతి చెప్పాను. పట్టా లేకపోవడం, పాత కాగితం, సారు, పార్కు. కోడలు ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పింది. మేడమ్ ఫొటో కోసం చేతిలోకి తీసుకున్న ఫోను ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని సంచిలో పెట్టేసింది. టీ తాగింది. ఏ మాటా ఇవ్వలేదు. వచ్చేటప్పుడు దారిలో, మరి మీ మొదటి అధ్యాయం ఎట్లా అని కోడలు అడిగితే మాత్రం, మనుషులు కాపురముంటున్న చోటును కనిపెట్టే పని మా ఇంట్లో ఒకరు చేశారు, చాలు అంది.

అంత మంచి మాట కోడలి చెవిన పడితే లాభం లేదు, మైకు ముందు ఏమంటుందన్నదే నా భయం. సారు రెండు రోజుల్లో శంకుస్థాపన పెట్టేశాడు. కూలిన స్టోరు ముందు షామియానా, మైకు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో గడ్డం ఉన్న తెల్లాయన బొమ్మ వేశారు. ఆయన దొర కాడట, ఎవరో పియానో వాయించే ఆయనట. పక్కన సారు బొమ్మ రెట్టింపు సైజులో ఉండటంతో ఎవరూ పట్టించుకోలేదు. జనంలో చివరి వరసలో ముసలమ్మ నిలబడి ఉంది. తన ఇల్లు ఉంటుందో పోతుందో ఇంకొకరు వచ్చి చెప్పేదాకా ఆగలేకపోయిందేమో.

సారు మైకు మేడమ్ చేతికిచ్చాడు. “దొరగారు పుట్టిన జాగ ఇదేనని అమ్మగారు తన నోటితో చెప్తరు,” అన్నాడు.

నాకు ఇంగ్లీషు రాదు. అందుకని మేడమ్ నోరు కాదు, కోడలి ముఖం చూస్తున్నాను. మేడమ్ ఒకే ఒక్క వాక్యం, తరగతిలో చెప్పినట్టు విడమరచి చెప్పింది. కోడలు ఒక్క క్షణం ఆగింది. నా గుండె దానికన్నా ఎక్కువసేపు ఆగింది.

“దొరగారు పుట్టిన పుణ్యస్థలం ఇదేనని మేడమ్‌గారు ఎంతో సంతోషిస్తున్నారు,” అంది కోడలు.

చప్పట్లు మోగాయి. సారు మేడమ్‌కు శాలువా కప్పాడు, కెమెరా కోసం ఇంకోసారి కప్పాడు.

దిగి వచ్చాక కోడల్ని పక్కకు లాగి, ఆమె అసలేమందే అని అడిగాను.

“ఈ చుట్టుపక్కల మావాడు తప్పిపోని చోటంటూ ఉండదు, ఈడగూడ ఒక్కసారన్న తప్పిపోయి ఉంటడు అన్నది.”

“నువ్వు చెప్పింది?”

“అదే. కొంచెం బయోడేటా లెక్క చెప్పిన.”

పిల్లకు చదువు వృథా పోలేదు.

ముసలమ్మ మా దగ్గరికి వచ్చింది. మేడమ్ చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఎవరూ అనువాదం అడగలేదు.

“టేపు ఇటురాదుగద?” అని నన్ను అడిగింది.

“రాదవ్వా. ఈడనే రాయి పాతిన్రు. ఇగ ఈడనే ఉంటది.”

“పోనీ,” అంది. మబ్బు పడుతోంది. ఆరబెట్టిన ఆకు తడిస్తే పని చెడుతుందని, భోజనానికి ఉండమన్నా ఉండలేదు. కాలువగట్టు మీద నడుచుకుంటూ పోయి, మెట్లెక్కి, లోపలికి పోయింది. షామియానా కింద ఇంతమంది ఉన్నారు, అటువైపు ఒక్కరూ చూడలేదు. అందరూ సారు కొబ్బరికాయ కొట్టిన రాయినే చూస్తున్నారు.